అమ్మ వెంట క్యాంపుకి

మొన్న తిరువూరులో ఒక బడి ఆవరణలో రక్తపరీక్షల క్యాంపు పెట్టారు. నేను అక్కడ నర్సుగా డ్యూటీలో ఉన్నాను. పొద్దున్నే షామియానా వేశారు. వానాకాలమంతా ఏ గోదాములోనో మడతపెట్టి పడేసిన గుడ్డను ఒక్కసారిగా ఎండలో విప్పితే వచ్చే చెమ్మవాసన, దానికి తోడు నేలమీద చల్లిన బ్లీచింగ్ పౌడరు ఘాటు, ఆ రెంటి మధ్య ఎక్కడో స్టీలు క్యానులో మరుగుతున్న టీ వాసన, ఇవన్నీ కలిసి ముక్కుకి తగలగానే నాకు పదేళ్ళ వయసు వచ్చేస్తుంది. సరిగ్గా ఆ వయసు పిల్లే ఒకతి, వాళ్ళ అమ్మమ్మ కొంగు పట్టుకుని వరసలో నిలబడి, తన వంతు రాగానే నా చేతిలో సూది వంక చూసి, "ఆంటీ, ఇదేం క్యాంపు? ఇచ్చేదా, తీసుకునేదా?" అంది. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ ప్రశ్న చిన్నప్పుడు నేను అడగని మనిషి మా ఊళ్ళో లేడు.

మా ఊరు తిరువూరికీ రెడ్డిగూడేనికీ మధ్య, మామిడి తోటల నడుమ ఉంటుంది. మేముండే పేట ఊరికి తూర్పున, చర్చి వెనక. నాకు ఊహ తెలిసేసరికి 'క్యాంపు' అన్నది ఒక బస్టాపు పేరు. కాలవ తవ్వే రోజుల్లో ఇంజనీర్లకీ ఓవర్సీర్లకీ కట్టిన రేకుల క్వార్టర్లు అక్కడ వరసగా ఉండేవి. తవ్వడం అయిపోయి అందరూ ఎటో వెళ్ళిపోయాక వాటి కిటికీల్లోంచి జామచెట్లు కొమ్మలు లోపలికి పెట్టుకున్నాయి. తుప్పుపట్టిన రోడ్డు రోలరు ఒకటి గడ్డిలో సగం కూరుకుపోయి ఉండేది, దాని మీదెక్కి మేం ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చామో లెక్కలేదు. కండక్టరు "క్యాంపు, క్యాంపు" అని అరిస్తే దిగేవాళ్ళం కాబట్టి, క్యాంపంటే అందరూ వచ్చి, కొన్నాళ్ళుండి, వెళ్ళిపోయిన చోటని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. ఆ తర్వాత వచ్చిన క్యాంపులన్నీ చూస్తే ఆ అర్థం పెద్ద తప్పేమీ కాదనిపిస్తుంది.

కళ్ళ క్యాంపు వచ్చినప్పుడు మా బడికి రెండు రోజులు సెలవు. తరగతి గదిలో బల్లలన్నీ గోడకి జరిపి, గోడమీద చిన్నవై పోయే అక్షరాల అట్ట కట్టేవాళ్ళు. చదువు రాని ముసలివాళ్ళకి అటూ ఇటూ తిరిగిన మూడు కాళ్ళ గుర్తులు చూపించి, కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపించమనేవాళ్ళు. మా నాయనమ్మ రాహేలమ్మ చేత్తో కాకుండా తల తిప్పి చూపించేది. "నాకు కనపడాల్సినవన్నీ కనపడుతూనే ఉన్నాయి, కనపడనివి ఎట్టాగూ మీరు చూపించరు" అని డాక్టరు గారితో అని, అయినా కళ్ళజోడు తెచ్చుకుంది. ఊరు దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్ళని మనిషి, కానీ ఎవరు ఏ ఊరెళ్ళొచ్చినా గుమ్మంలో కూర్చోబెట్టి, అక్కడ ఏం తిన్నారు, ఇళ్ళు ఎట్టా ఉన్నాయి, నీళ్ళు ఎట్టా ఉన్నాయి అని అన్నీ అడిగి తెలుసుకుంటే గాని కాఫీ ఇచ్చేది కాదు.

పశువుల క్యాంపు ఇంకో రకం జాతర. ఎ.కొండూరు వైపు నుంచి కూడా గేదెల్ని తోలుకొచ్చేవాళ్ళు. కర్రల చట్రంలో నిలబెట్టి, మూతి పైకెత్తి, గొట్టంతో నట్టల మందు పోస్తుంటే ఒక్కోటి తల విదిలించి, పోసినదంతా పోసినవాళ్ళ మీదే ఊసేది. భుజం దాకా రబ్బరు తొడుగు వేసుకున్న డాక్టరు గారు చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, లోపల దూడ ఉందో లేదో చెబుతుంటే, కనపడకుండా చేత్తోనే ఎలా తెలుస్తుందా అని నేను చట్రం కర్ర పట్టుకుని కదలకుండా నిలబడిపోయేదాన్ని. వరి కోతలయ్యాక కొల్లేటి వైపు నుంచి బాతులవాళ్ళు వచ్చి, రాలిన గింజల కోసం పొలాల్లో మకాం వేసేవాళ్ళు. దాన్ని వాళ్ళెవరూ క్యాంపు అనలేదు, నేనే పెట్టాను ఆ పేరు. తెల్లారేసరికి నీలం వల కంచె లోపల గడ్డిమీద ఎక్కడ చూసినా గుడ్లు. ఏరిపెడితే చిట్లిన గుడ్డు ఒకటి మన చేతిలో పెట్టేవాళ్ళు. అది పగలకుండా ఇంటిదాకా తీసుకెళ్ళడం ఆ రోజుకి పెద్ద పని.

కాలేజీ పిల్లలు విజయవాడ నుంచి వచ్చి పది రోజులు మా బళ్ళోనే పడుకుని, తెల్లటోపీలు పెట్టుకుని, పేటకి గ్రావెలు రోడ్డు వేశారొక ఏడు. మొదటి వానకే రోడ్డు కొట్టుకుపోయింది గాని, వాళ్ళు నేర్పిన ఆటలు చాలా ఏళ్ళు ఉన్నాయి. ఎండాకాలంలో చర్చిలో పిల్లలకి వి.బి.ఎస్. అని సెలవుల బైబిలు బడి జరిగేది. కంఠత వాక్యాలు అప్పజెప్పినవాళ్ళకి రంగుకాగితం కిరీటం, అప్పజెప్పినా చెప్పకపోయినా నారింజరంగు షర్బత్తు. ఇక మా తమ్ముడు పుట్టిన ఏడాది ఆపరేషన్ల క్యాంపు. బడి వరండాలో చాపల మీద ఆడవాళ్ళందరూ ఒకే వరసలో వెల్లకిలా పడుకుని ఉంటే, అందులో మా అమ్మ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. "దగ్గరికి రాకే, కుట్లున్నాయి" అంది అమ్మ నన్ను చూసి. ఆ రోజునే నేను క్యాంపులన్నిటినీ రెండుగా విడగొట్టాను: ఇచ్చేవి కొన్ని, తీసుకునేవి కొన్ని. కళ్ళ క్యాంపు ఇచ్చేది. ఆపరేషన్ల క్యాంపు తీసుకునేది. పశువుల క్యాంపు దగ్గర మాత్రం ఎటూ తేలలేదు.

నాకు పదేళ్ళొచ్చిన ఎండాకాలంలో ఈ రెంటికీ చెందని క్యాంపు ఒకటి మా ఇంటిముందుకు వచ్చి ఆగింది.

అంతకు ముందు జరిగింది చెప్పాలి. మండల పరిషత్తు ఎన్నికలొచ్చాయి. మా ఊరు పెద్దది కాబట్టి ఇద్దరు మెంబర్లు. పేట వైపు సీటు ఎస్సీ మహిళకి రిజర్వు అయింది. ఊరివైపు సీటుకి సాంబశివరావు గారు నిలబడ్డారు. ఆయనవి రెడ్డిగూడెం దారిలో మామిడి తోటలు. మా నాన్న ఆ తోటల్లో మందులు కొట్టేవాడు, అమ్మ కాయలకాలంలో గ్రేడింగు చేసేది, మిగతా రోజుల్లో కలుపుకీ కోతకీ వెళ్ళేది. ఒకరోజు పొద్దున ఆయన మా ఇంటిముందు మోటారుసైకిలు దిగకుండానే, "కరుణా, ఈసారి నువ్వు నిలబడుతున్నావు" అన్నారు.

అమ్మ చేతిలో చీపురు అలాగే పట్టుకుని, "ఎక్కడ నిలబడాలండీ?" అంది.

అమ్మ పేరు కరుణమ్మ. ఎదురు మాట్లాడదని, చెప్పిన చోట వేలిముద్ర కాకుండా సంతకమే పెట్టగలదని, ఆ రెండు కారణాల చేత ఆయన అమ్మని ఎంచుకున్నారని తర్వాత నాన్న అంటుండేవాడు. అమ్మ ఇల్లిల్లూ తిరిగింది. పేటలో ఉన్నది ఒక్క చేతిపంపు. దాని నీళ్ళు ఎర్రగా, ఉప్పగా ఉండేవి, అన్నం వండితే పసుపు పచ్చగా వచ్చేది. ఊళ్ళో ట్యాంకు ఉంది గాని, పైపులైను పేట మలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తాగే నీళ్ళకి ఆడవాళ్ళు బిందెలతో తోట మోటారు దాకా నడిచేవాళ్ళు. వాళ్ళందరూ అమ్మతో ఒకటే మాట అన్నారు, "అక్కా, మాకింకేం వద్దు. కొళాయి రప్పించు." అమ్మ "రప్పిస్తా" అంది. ఆ మాట అమ్మ అలవోకగా అన్నది కాదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ సాయంత్రం పంపు కొడుతూ కొడుతూ మధ్యలో ఆపి, మలుపు వైపు చాలాసేపు చూసింది.

అమ్మ గెలిచింది. సాంబశివరావు గారూ గెలిచారు. కానీ మండల అధ్యక్షుణ్ణి చేతులెత్తి ఎన్నుకునేది మెంబర్లే. ఆయన వైపు ఆయనతో కలిపి ఎనిమిది మంది, అవతలి వైపు ఏడుగురు. ఒక్క మనిషి జారితే అంతా తారుమారు. అందుకని ఓట్ల లెక్కింపైన మర్నాడే తెల్ల వ్యాను ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి సాంబశివరావు గారి బావమరిది ప్రసాదు దిగి, "నాలుగు జతల బట్టలు సర్దుకోమ్మా, క్యాంపుకి వెళ్ళాలి" అన్నాడు.

"ఏం క్యాంపు? ఇచ్చేదా, తీసుకునేదా?" అన్నాను నేను.

నాన్న నవ్వి, "ఇచ్చేదేంటో నాకు తెలీదు. తీసుకునేది మటుకు మీ అమ్మ ఓటు" అన్నాడు.

అమ్మని అంతకుముందు ఒక్క రాత్రి కూడా వదిలి ఉండలేదు నేను. వ్యాను చక్రం పట్టుకుని ఏడ్చాను. ప్రసాదు గడియారం చూసుకుని, చూసుకుని, చివరికి "ఎక్కించండి" అన్నాడు. నాయనమ్మ చింతకాయ పచ్చడి సీసా అమ్మ సంచీలో కుక్కి, నా చెవి దగ్గరికి వంగి, "అక్కడ ఉన్నయ్యన్నీ చూసి రా. ఒక్కటీ వదలమాక. వచ్చి నాకు చెప్పాలి" అంది. తమ్ముణ్ణి ఎత్తుకుని నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. వ్యాను కదిలింది.

విజయవాడ దాటాక నాకు తెలిసిన ఊరు ఒక్కటీ రాలేదు. మధ్యాహ్నానికి సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో మూడంతస్తుల లాడ్జి ముందు దిగాం. మొత్తం ఎనిమిది మంది మెంబర్లు, అందులో నలుగురు ఆడవాళ్ళు. మా గదిలో మాతో పాటు తండా నుంచి గెలిచిన కమిలి ఉండేది. ఆమెకి అమ్మ వయసే, అద్దాల రవికె, చేతుల నిండా తెల్లగాజులు. ఏం చూసినా పెద్దగా నవ్వేది. లిఫ్టులో మొదటిసారి ఎక్కినప్పుడు మేం ముగ్గురం ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని కళ్ళు మూసుకున్నాం. ఆ తర్వాత నేను రోజూ ఎన్నిసార్లు పైకీ కిందికీ తిరిగానో! కాగితంలో చుట్టిన బొటనవేలంత సబ్బులు, తిప్పితే వేణ్ణీళ్ళొచ్చే కొళాయి, అద్దం ఎదురుగా ఇంకో అద్దం ఉండి మనం వరసగా ఎక్కడికో వెళ్ళిపోతున్నట్టు కనపడే వరండా, కౌంటరు పక్కన గాజుతొట్టిలో ఎర్రచేపలు, అన్నీ నాయనమ్మకి చెప్పడం కోసం మనసులో దాచుకున్నాను. వేణ్ణీళ్ళ కొళాయి కింద అమ్మ చెయ్యి పెట్టి తీసి, మళ్ళీ పెట్టి, "గదికొకటి" అంది.

పరుపు మీద అమ్మకి నిద్రపట్టలేదు, కింద చీర పరుచుకుని పడుకునేది. తిండి మాత్రం పండగే. పొద్దున ఇడ్లీ, పూరీ, మధ్యాహ్నం కోడికూర, సాయంత్రం బజ్జీలు. అందరికీ ఒకే గదిలో, ఒకే బల్లల మీద. సాంబశివరావు గారు ఊరికీ అక్కడికీ తిరుగుతుండేవారు. వచ్చిన పూట మా పక్క బల్ల దగ్గరే కూర్చుని తినేవారు. మా ఊళ్ళో ఆయనింటి పెరటి గోడమీద అమ్మకి విడిగా ఒక గాజుగ్లాసు ఉండేది. టీ తాగి, కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించి రావాలి. ఇక్కడ సర్వరు అందరికీ ఒకే రకం పింగాణీ కప్పులు పెట్టి వెళ్ళాడు. అమ్మ ఆ కప్పు చాలాసేపు ముట్టుకోలేదు. టీ మీద మీగడ కట్టింది.

"తాగు కరుణా, చల్లారిపోద్ది" అన్నారాయన తలెత్తకుండా.

అప్పుడే అమ్మ కొళాయి సంగతి ఎత్తింది. "బాబుగారూ, పేట లైను..." అనేసరికి ఆయన చెయ్యి ఊపి, "ముందు గెలవనీ. అయ్యన్నీ తర్వాత చూద్దాంలే" అన్నారు. అమ్మ తల ఊపింది. ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే జవాబు.

ఒకరోజు పొద్దున్నే అందర్నీ సముద్రం చూపించడానికి తీసుకెళ్ళారు. ప్రసాదు ఒడ్డుమీద కుర్చీ వేసుకుని, బడి పిల్లల్ని లెక్కపెట్టినట్టు మాటిమాటికీ లెక్కపెట్టుకున్నాడు. కమిలి మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి, వాళ్ళ భాషలో ఏదో అరిచి, అల వచ్చి గాగ్రా తడిపేస్తే కింద కూలబడి నవ్వింది. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, అల వెనక్కి వెళ్తుంటే పాదాల కింద ఇసక జారిపోవడం చూసుకుంటూ నిలబడింది. అమ్మ ఏ పనీ చెయ్యకుండా అలా నిలబడి ఉండడం నేను చూడ్డం అదే మొదలు. నేను ఖాళీ సీసాలో సముద్రపు నీళ్ళు పట్టుకున్నాను. నాయనమ్మకి.

ఆరో రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ టీవీ ముందు కునుకుతున్నారు. నేను కౌంటరు పక్కన ఎర్రచేపల దగ్గర కూర్చున్నాను. కౌంటరు మీద ఫోను ప్రసాదు అధీనంలో ఉండేది, ఆయన్ని అడక్కుండా ఎవరూ ముట్టుకోకూడదు. ఫోను మోగింది. ఆయన ఎత్తి, కాసేపు విని, "కరుణమ్మ అత్తగారా? ఎట్టా పడింది? కాలు విరిగిందా?" అన్నాడు. నేను చేపల వంకే చూస్తూ ఉన్నాను. "వద్దు బావా, చెప్పొద్దు. ఎల్లుండి చేతులెత్తిందాకా చెప్పొద్దు. ఇప్పుడు చెబితే ఏడ్చి గోలచేసి వెళ్ళిపోద్ది. ఆ... ఆ... సరే."

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లమీద పరిగెత్తాను. అమ్మ కమిలికి జడ వేస్తోంది.

"అమ్మా, నాయనమ్మ కాలు విరిగిందంట. మనకి చెప్పొద్దంట."

అమ్మ జడ చివరిదాకా అల్లి, రిబ్బను ముడివేసి, లేచింది. ఏడవలేదు. సంచీలో బట్టలు పెట్టుకుని, పచ్చడి సీసా పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని కిందికి దిగింది. ప్రసాదు ఎదురొచ్చి, "పిల్ల ఏదో విని ఏదో చెప్పింది, నువ్వు పైకెళ్ళు" అన్నాడు.

"నా పిల్ల విన్నదే చెబుద్దండి" అంది అమ్మ.

"ఇప్పుడు ఎవరు పంపిస్తారమ్మా? పార్టీ విప్పు ఉంది, తెలుసా? చెయ్యెత్తకపోతే పదవి ఊడుద్ది."

విప్పంటే ఏంటో అమ్మకి తెలీదు, నాకు అసలే తెలీదు. చాలా ఏళ్ళ తర్వాత డిక్షనరీలో ఆ మాటకి 'కొరడా' అని చూసి, ఆ రోజు ప్రసాదు నిలబడ్డ తీరు గుర్తొచ్చి, సరిగ్గానే పెట్టారనుకున్నాను. అమ్మ పోర్టికోలో నిలబెట్టి ఉన్న వ్యాను దగ్గరికెళ్ళి, దాని మెట్టు మీద కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపటికి కమిలి వచ్చి మా కింద నేలమీద చతికిలబడింది. "ఈమె పోకపోతే నేనూ లేవను" అని ప్రసాదుకి చెప్పి, నావైపు తిరిగి కన్నుగీటింది. మూడు గంటల టీ వచ్చింది, చల్లారింది. బజ్జీలు వచ్చాయి. నాకు ఆకలేసింది, కానీ అమ్మ తిననిది నేనెలా తినను? మిగతా ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి స్తంభం పక్కన నిలబడ్డారు. కూర్చోలేదు, అలాగని లోపలికీ వెళ్ళలేదు. అమ్మ నా చెయ్యి వదల్లేదు.

దీపాలు పెట్టే వేళకి సాంబశివరావు గారి కారు వచ్చింది. ఆయన దిగి, మెట్టుమీదున్న అమ్మని, నేలమీదున్న కమిలిని చూసి, జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

"మా జీపులోనే తిరువూరు ఆస్పత్రికి పంపించా. కట్టు కట్టించా. మీవాడు దగ్గరే ఉన్నాడు. నేనేం గాలికి వదిలెయ్యలేదు కరుణా."

"పంపించారు బాబుగారూ. నాకు చెప్పలేదు" అంది అమ్మ.

ఆయన డ్రైవర్ని పిలిచి, తెల్లవారగానే బయల్దేరమన్నారు. "దాచడం తప్పే" అని నెమ్మదిగా అన్నారు కూడా. ఆ మాట ఆయన అమ్మతో అన్నారో, కారు తలుపుతో అన్నారో చెప్పలేను. అమ్మ లేచి, లోపలికి వెళ్ళి, నాకు అన్నం కలిపి పెట్టి, తనూ తింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆస్పత్రిలో ఉన్నాం. నాయనమ్మ కాలు పిండికట్టుతో పైకి వేలాడుతోంది. అమ్మని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది గాని, అవి బుగ్గ మీదికి జారకముందే నన్ను పిలిచి, "సముద్రం ఎట్టా ఉందే?" అంది. నేను లిఫ్టు, సబ్బులు, అద్దాలు, చేపలు, ఇసక జారడం, అన్నీ వరసగా చెప్పాను. సీసా ఇచ్చాను. నాయనమ్మ మూత తీసి, వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని, ఆలోచించి, "మన పంపు నీళ్ళకంటే ఇవే నయంగా ఉన్నాయే" అంది. నాన్న పెద్దగా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. అవతలివాళ్ళు వచ్చి అమ్మని ఎత్తుకుపోతారేమోనని ప్రసాదు ఆ రోజంతా వార్డులో స్టూలు మీద కాపలా కూర్చున్నాడు. నాయనమ్మ ఆయన్నీ వదల్లేదు. ఆ లాడ్జిలో చేపలకి ఏం మేత వేస్తారో ఆయన తెలీదంటే, "వారం ఉండి కనుక్కోలేదా నాయనా" అని జాలిపడింది.

ఆ మర్నాడు మండలాఫీసులో ఎన్నిక. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. కిటికీకి మాలాంటివాళ్ళు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నారు. లోపల బల్ల వెనక ఎన్నికల అధికారి, ఎదురుగా రెండు వైపులా మెంబర్లు. సాంబశివరావు గారి పేరు చదివి, సమ్మతించేవాళ్ళు చేతులెత్తండి అన్నారు అధికారి. ఏడు చేతులు లేచాయి. కమిలి తెల్లగాజులు మోచేతి దాకా జారడం కనపడింది. అమ్మ చేతులు ఒళ్ళో ఉన్నాయి.

అధికారి చేతులు లెక్కపెట్టి, అమ్మ వంక చూశారు.

"ఏమ్మా, మీరు?" అన్నారు అధికారి.

అమ్మ లేచి నిలబడింది. "ఎత్తుతానండి. ఒక్క మాటడిగి ఎత్తుతా" అంది. సాంబశివరావు గారి వైపు తిరిగింది. "బాబుగారూ, పేటకి కొళాయి వేయిస్తానని అందరి ముందరా చెప్పండి."

ఇక్కడ అలాంటివి మాట్లాడకూడదమ్మా అన్నారు అధికారి. అవతలి ఏడుగురిలో ఎవరో ఈల వేశారు. సాంబశివరావు గారి మొహం కందిపోయింది. నాన్న నా కాళ్ళని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే మడమలు నొప్పి పుట్టాయి. సాంబశివరావు గారు అమ్మ వంక చూడకుండా, బల్ల వంక చూస్తూ, "వేయిస్తాను" అన్నారు.

"ఎప్పటికండీ?"

"వచ్చే ఎండాకాలంలోపు."

అమ్మ చెయ్యెత్తింది. చెవి దాకా కూడా లేవలేదు ఆ చెయ్యి, అధికారి "కొంచెం పైకమ్మా" అనాల్సి వచ్చింది.

బయటికి వచ్చాక అమ్మ గోడవార కూర్చుని, అప్పుడు ఏడ్చింది. ఎందుకని అడిగితే, "ఆ ఫోను సంగతి దాచకపోతే నేను నోరు తెరిచేదాన్నే కాదు" అంది. చాలా కాలం నాకు ఆ జవాబు అర్థం కాలేదు.

ఆ ఏడు మామిడికాలానికి తోట నుంచి కబురు రాలేదు. నాన్నకీ రాలేదు, అమ్మకీ రాలేదు. నాన్న వినగడప వైపు వేరే తోటల్లో మందులు కొట్టడానికి సైకిలు మీద వెళ్ళేవాడు. ఇంట్లో కూర తగ్గింది, నాయనమ్మ కళ్ళజోడు కమ్మీ విరిగితే దారం కట్టుకుంది. మీటింగులకి అమ్మ బస్సెక్కి వెళ్ళి, అందరికంటే వెనక కుర్చీలో కూర్చుని, ప్రతిసారీ లేచి అదే అడిగేది. అనుకున్న ఎండాకాలం వెళ్ళిపోయింది. ఆపై ఎండాకాలానికి మలుపు దగ్గర తవ్వారు. వీధికొకటి చొప్పున మూడు కొళాయిలు వచ్చాయి. రోజు మార్చి రోజు, గంటసేపు. మొదటి బిందె నాయనమ్మ పట్టింది, కర్ర పోటేసుకుని వచ్చి. సాంబశివరావు గారు ప్రారంభానికి వచ్చి, "కరుణమ్మ గారు పట్టుబట్టారు కాబట్టి" అని మైకులో అన్నారు. ఆయన అమ్మని 'గారు' అనడం మేము విన్నది ఆ ఒక్కసారే. తర్వాతి కాయలకాలానికి మళ్ళీ తోట నుంచి కబురొచ్చింది. అమ్మ వెళ్ళింది. పెరటి గోడమీద గ్లాసు మాత్రం తీసుకోలేదు. ఇంటి దగ్గర తాగొచ్చానండి అనేది. తర్వాతి ఎన్నికలకి రిజర్వేషను మారింది. అమ్మ మళ్ళీ నిలబడలేదు.

నాయనమ్మ ఇప్పుడు లేదు. కాలవ క్వార్టర్లు కూలగొట్టి అక్కడ పెట్రోలు బంకు కట్టారు. బస్టాపు పేరు మాత్రం క్యాంపే, ఎందుకో కొత్త కండక్టర్లకి తెలీదు. కాలేజీ పిల్లలు వస్తారు, పది రోజులుండరు, బ్యానరు పట్టుకుని ఫోటో దిగి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతారు. బాతులవాళ్ళు ఏ ఏటికో ఒకసారి కనపడతారు. పేటలో ఇంటింటికీ కొళాయి ఉంది. అమ్మ మా తమ్ముడి దగ్గర ఆ ఇంట్లోనే ఉంటోంది, పేటంతా ఇప్పటికీ ఆమెని మెంబరమ్మ అనే పిలుస్తారు.

ఈ మధ్య మళ్ళీ ఎన్నికలయ్యాయి. మా పేట సీటు మళ్ళీ మహిళకి వచ్చి, శిరీష అనే అమ్మాయి గెలిచింది. డిగ్రీ చదివింది, ఆరేళ్ళ కూతురుంది. నేను అమ్మని చూడ్డానికి వెళ్ళిన రోజునే ఆ అమ్మాయి వచ్చింది. అరుగుమీద మిరపకాయలకి తొడిమలు తీస్తున్న అమ్మ పక్కన కూర్చుని, "అత్తా, రేపు క్యాంపుకి తీసుకెళ్తారంట. అక్కడ ఎట్టా ఉండాలి?" అని అడిగింది.

అమ్మ ఇంకో నాలుగైదు కాయల తొడిమలు తీసింది. తర్వాత, "నీ పిల్లని తీసుకెళ్ళు. పెద్దోళ్ళకి చెప్పనియ్యన్నీ పిల్లల చెవిన పడతాయి" అంది.

శిరీష తల అడ్డంగా ఊపింది. "పిల్లల్ని రానివ్వరంట అత్తా. మొదలే చెప్పేశారు."

"ఎవరు?"

"క్యాంపు చూసుకునేది ఆయనేగా, పెద్దాయన. ప్రసాదు గారు."

అమ్మ చేట పక్కన పెట్టింది. కారం చేతులు కళ్ళకి తగలకుండా మోచేత్తో మొహం తుడుచుకుంటూ, భుజాలు కదిలేలా చాలాసేపు నవ్వింది.

"అయితే ఆయనకింకా గుర్తుందన్నమాట" అంది.